రంగు చూసి కొంటే.. తొట్టెకే చేటు

* చిన్న ఉప్పునీటి అక్వేరియానికి రాస్‌ చేప ఎంపికలో మెలకువలు
* పెరిగే సైజు, నిద్రపోయే తీరు, స్వభావం తెలుసుకున్నాకే కొనుగోలు

భీమునిపట్నం: దుకాణంలో చూసినపుడు వేలెడంతే ఉంటుంది. నారింజ, నీలం, పసుపు వన్నెలతో కళ్లు తిప్పుకోనివ్వదు. ఇంటికి తెచ్చి తొట్టెలో వదిలితే నెల రోజుల పాటు బుద్ధిగానే మసలుతుంది. ఆ తర్వాతే కథ మొదలవుతుంది. అంతకుముందు హాయిగా తిరిగిన చేపలు ఒక్కొక్కటిగా మూలకు నక్కుతాయి. వాటి రెక్కలు చిరుగుతాయి. మేతకు రావడం మానేస్తాయి. చివరకు ఓ ఉదయం నీటిపై తేలుతాయి. నీరు పాడైందేమోనని యజమాని పరీక్షల మీద పరీక్షలు చేయిస్తాడు. లోపం నీటిలో ఉండదు. ముచ్చటపడి తెచ్చుకున్న రాస్‌ చేపే మిగిలినవాటిని బతకనీయలేదని గ్రహించేసరికి తొట్టె సగం ఖాళీ అవుతుంది. ఇందులో ఆ చేపను తప్పుపట్టి ప్రయోజనం లేదు. సముద్రంలో ఎలా బతికిందో ఇక్కడా అలాగే బతికింది. పొరపాటంతా ఎంపికలోనే జరిగింది.

మంచినీటి అక్వేరియంతో పోలిస్తే ఉప్పునీటి తొట్టె ఖర్చుతో కూడిన వ్యవహారం. ఉప్పు, దీపాలు, పంపులు, నీటిని చల్లబరిచే యంత్రం.. అన్నీ అదనమే. వాటన్నింటినీ సమకూర్చుకున్న వారు కూడా చేప దగ్గరకు వచ్చేసరికి రంగుకే ఓటు వేస్తారు. రాస్‌ విషయంలో ఇది మొదటికే మోసం తెస్తుంది. చిన్న తొట్టెలో ఇమిడే రాస్‌ చేపలు లేకపోలేదు. అవి ఏవో, ఎందుకో తెలుసుకుంటే డబ్బుతో పాటు మూగజీవుల ప్రాణాలూ నిలుస్తాయి.

ఒకే కుటుంబం.. ఎన్నో రూపాలు

రాస్‌ అనేది ఒక చేప పేరు కాదు. అయిదు వందలకు పైగా జాతులున్న పెద్ద కుటుంబం పేరు. శాస్త్రవేత్తలు దీన్ని లాబ్రిడే అని వ్యవహరిస్తారు. ముక్కుతో రాతిని గీకి తినే చిలుక చేపలు వీటికి దగ్గరి బంధువులు. వేలి పొడవు దాటని పోసమ్‌ రాస్‌ ఈ కుటుంబానిదే. రెండు మీటర్ల పొడవు, మనిషిని మించిన బరువుకు ఎదిగే నెపోలియన్‌ రాస్‌ కూడా ఈ కుటుంబానిదే. విందు భోజనాల కోసం విచ్చలవిడిగా పట్టడంతో నెపోలియన్‌ రాస్‌ సంఖ్య తగ్గిపోయింది. దాంతో 2004లో దాని అంతర్జాతీయ వ్యాపారంపై సైటిస్‌ ఒప్పందం కింద నియంత్రణ విధించారు.

మనదేశంలో పగడపు దిబ్బలు ప్రధానంగా లక్షద్వీప్‌, అండమాన్‌-నికోబార్‌, మన్నార్‌ సింధుశాఖ, కచ్‌ సింధుశాఖల్లో ఉన్నాయి. రాస్‌ చేపలకు అలాంటి దిబ్బలే పుట్టిళ్లు. ఇవి పగలంతా తిరుగుతూనే ఉంటాయి. తోకను అత్యవసరానికే వాడతాయి. మామూలుగా రొమ్ము రెక్కలనే తెడ్లలా ఆడిస్తూ ఈదుతాయి. రాతి సందుల్లోని చిన్న పురుగులు, గుల్లలు, పీతపిల్లలను ఏరుకు తింటాయి. తొట్టెలో ఇవి అంత ఆకర్షణీయంగా కనిపించడానికి ఈ నిరంతర చలనమే కారణం. చిన్న తొట్టె వీటికి చాలకపోవడానికి కూడా అదే కారణం.

పిల్లప్పుడు ఒకటి.. పెరిగాక మరొకటి

రాస్‌ కొనుగోలులో తొలి మోసం వయసుతో వస్తుంది. చాలా జాతుల్లో పిల్లల రంగుకు, పెద్దవాటి రంగుకు పొంతన ఉండదు. నారింజ ఎరుపు ఒంటిపై తెల్లని మచ్చలతో బొమ్మలా ఉండే రెడ్‌ కోరిస్‌ పిల్ల పెరిగితే 40 సెంటీమీటర్లకు చేరుతుంది. తెల్లని ఒంటిపై రెండు నారింజ మచ్చలతో కనిపించే క్లౌన్‌ కోరిస్‌ పిల్ల సముద్రంలో మీటరు దాటి పెరగగలదు. నీటిలో కొట్టుకుపోయే నాచు ముక్కలా ఊగుతూ కనిపించే డ్రాగన్‌ రాస్‌ పిల్ల ముచ్చటగా ఉంటుంది. పెద్దదయ్యాక అడుగు పొడవుంటుంది. మేత కోసం రాళ్లను నోటితో పట్టి తిరగేస్తుంది. తొట్టెలో పేర్చిన రాళ్లకు, వాటిపై అతికించిన జీవులకు దానితో భద్రత ఉండదు.

పచ్చని ఒంటితో, నెలవంకను పోలిన తోకతో ఆకట్టుకునే లూనార్‌ రాస్‌, కొంగ ముక్కులా మూతి సాగిన బర్డ్‌ రాస్‌ కూడా అంతే. ఇవి దృఢమైన చేపలు. వ్యాధులను తట్టుకుంటాయి. అందుకే దుకాణాల్లో తరచూ కనిపిస్తాయి. అయితే రెండూ పాతిక సెంటీమీటర్లకు మించి పెరిగేవే. తొట్టెలోని రొయ్యలను, చిన్న చేపలను ఆహారంగానే చూస్తాయి. ఇలాంటివి ఆరడుగుల తొట్టెల్లోనే పెంచదగినవి. ‘పెరిగాక చూద్దాంలే’ అని చిన్న తొట్టెలో వేయరాదు. పెరిగిన చేపను తిరిగి తీసుకునే దుకాణాలు తక్కువ. మరో సముద్రం నుంచి వచ్చిన చేపను తీసుకెళ్లి మన తీరంలో వదలడం మరింత తప్పు.

ఆడది మగదవుతుంది

రాస్‌ చేపల్లో మరో విశేషం లింగమార్పిడి. చాలా జాతుల్లో ఇవి ఆడవిగా జీవితం ప్రారంభించి అవసరాన్ని బట్టి మగవిగా మారతాయి. ఆస్ట్రేలియాలోని గ్రేట్‌ బారియర్‌ రీఫ్‌లో క్లీనర్‌ రాస్‌ గుంపులపై రాబర్ట్‌సన్‌ అనే శాస్త్రవేత్త చేసిన పరిశోధన 1972లో వెలువడింది. ఒక మగ చేప అధీనంలో కొన్ని ఆడ చేపలు ఉంటాయి. మగది చనిపోతే వాటిలో పెద్ద ఆడ చేప కొద్ది గంటల్లోనే మగదానిలా పెత్తనం చెలాయించడం మొదలుపెడుతుంది. సుమారు రెండు వారాల్లో పూర్తిగా మగదవుతుంది.

తొట్టె యజమానికి ఇందులో పాఠం ఉంది. ఆడవే కదా అని ఒకే జాతివి రెండు తెస్తే వాటిలో ఒకటి మగదిగా మారవచ్చు. రెండూ మగవైతే పోరు తప్పదు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్నది ఇక్కడ అక్షరసత్యం. చిన్న తొట్టెకు ఒక్క రాస్‌ చాలు. వేర్వేరు జాతులైనా ఆకారం, తిండి ఒకే రకమైతే ఒకదాన్నొకటి సహించవు.

నిద్రను బట్టి ఇల్లు

కొనేముందు దుకాణదారును అడగాల్సిన ప్రశ్నల్లో చాలామంది మరిచేది ఒకటుంది. ఈ చేప రాత్రి ఎక్కడ పడుకుంటుంది? దీని జవాబును బట్టి తొట్టె అడుగున ఇసుక వేయాలా, రాళ్ల మధ్య సందులు విడవాలా అన్నది తేలుతుంది.

రాస్‌లలో కొన్ని చీకటి పడగానే ఇసుకలోకి దూరి తెల్లవార్లూ అక్కడే ఉంటాయి. ఎల్లో కోరిస్‌ పేరుతో అమ్మే పసుపు రాస్‌, చిరుతపులి మచ్చలుండే లెపర్డ్‌ రాస్‌ ఈ కోవలోనివి. బెదిరినా ఇసుకలోకే దూకుతాయి. వీటికి కనీసం రెండు మూడు అంగుళాల మందాన మెత్తని ఇసుక ఉండాలి. గరుకు కంకర వేస్తే మూతి, పొట్ట గీసుకుపోయి పుండ్లు పడతాయి. ఇసుక లేని గాజు అడుగున వదిలితే రాత్రంతా తలబాదుకుంటాయి.

కొత్తగా తెచ్చిన ఇసుక రాస్‌ రెండు మూడు రోజులు కనిపించకపోవచ్చు. చనిపోయిందని ఇసుకను కెలకరాదు. ఇండోనేసియా వంటి దేశాల నుంచి వచ్చిన చేప కొన్నాళ్లు అక్కడి సూర్యుడినే అనుసరిస్తుంది. మన మధ్యాహ్నానికే అది నిద్రకు ఉపక్రమిస్తుంది. క్రమేణా ఇక్కడి వెలుగుకు అలవాటు పడుతుంది.

మరికొన్ని జాతులు రాతి సందులో చేరి తమ చుట్టూ పలుచని జిగురు సంచిని అల్లుకుని నిద్రిస్తాయి. ఫెయిరీ, ఫ్లాషర్‌ రాస్‌లది ఈ పద్ధతి. చిలుక చేపలూ ఇలాగే చేస్తాయి. వాటిపై 2011లో వెలువడిన ఒక అధ్యయనం ఈ సంచిని సముద్రపు దోమతెరగా అభివర్ణించింది. రాత్రివేళ రక్తం పీల్చే పరాన్నజీవుల నుంచి అది కాపాడుతుందని తేల్చింది. ఉదయం తొట్టెలో సాలెగూడులాంటి తెల్లని పొర తేలుతుంటే కంగారు పడాల్సిన పనిలేదు. అది చేప విడిచిన దోమతెరే.

ఏ తొట్టెకు ఏ రాస్‌?

తొట్టె కొలతలే ఇక్కడ ప్రధానం. రాళ్లు, ఇసుక వేశాక అసలు నీరు కొలత కంటే తగ్గుతుందన్నది గుర్తుంచుకోవాలి. డెబ్బై లీటర్ల లోపు తొట్టెకు ఏ రాస్‌నూ ఎంచుకోకపోవడమే మేలు. నీటి గుణం అందులో త్వరత్వరగా మారిపోతుంది. ఈదేందుకు చోటూ ఉండదు.

పోసమ్‌ రాస్‌: రెండున్నర అడుగుల పొడవు, అడుగుంపావు చొప్పున వెడల్పు, ఎత్తు ఉన్న తొట్టెలో సుమారు 110 లీటర్ల నీరు పడుతుంది. దీనికి తొలి ఎంపిక పోసమ్‌ రాస్‌. పెరిగినా 6 నుంచి 8 సెంటీమీటర్లే. ముదురు ఎరుపు గోధుమ రంగు ఒంటిపై సన్నని తెల్లని గీతలుంటాయి. రాళ్ల సందుల్లో తలదూర్చి మెల్లగా తిరుగుతుంది. ఎవరి జోలికీ పోదు. పగడపు జీవులను, రొయ్యలను ముట్టదు. బిడియం దీని గుణం. దుడుకు చేపలున్న తొట్టెలో మేత అందక చిక్కిపోతుంది. కొత్త తొట్టెలో కాకుండా రాళ్లపై సూక్ష్మజీవులు బాగా పెరిగిన పాత తొట్టెలోనే వేయాలి.

సిక్స్‌లైన్‌ రాస్‌: దుకాణాల్లో విరివిగా దొరికేది ఇదే. ఊదా రంగు ఒంటిపై ఆరు నారింజ గీతలు. ఏడెనిమిది సెంటీమీటర్లకు మించడం అరుదు. ధర అందుబాటులో ఉంటుంది. త్వరగా చావదు. తొట్టెకు పట్టే కొన్ని రకాల చదును పురుగులను, చిన్న నత్తలను తింటుందన్న పేరుంది. అందుకే కొత్తవారు దీన్నే ఎంచుకుంటారు. ‘పిట్ట కొంచెం కూత ఘనం’ అన్నట్లు స్వభావం మాత్రం పరిమాణానికి మించినది. తొట్టెలో కుదురుకున్న కొద్దీ అంతా తనదేనన్న ధోరణి పెరుగుతుంది. తర్వాత వచ్చే ప్రతి చేపనూ తరిమి కొరుకుతుంది. ఫైర్‌ఫిష్‌ వంటి సాత్విక చేపలకు దీనితో ఉనికే కష్టం. అన్నీ సిక్స్‌లైన్లు ఇలాగే ఉంటాయని చెప్పలేం. కానీ తెచ్చిన చేప ఏ రకమో ముందుగా తెలిసే మార్గం లేదు. రాళ్లతో నిండిన తొట్టెలో దాన్ని తిరిగి పట్టుకోవడం దాదాపు అసాధ్యం. రాళ్లన్నీ పీకితే తప్ప చిక్కదు. పురుగుల కోసమే అయితే ఆ ఒక్క లాభానికి ఇంత మూల్యం అవసరమా అన్నది ఆలోచించాలి. దీని దాయాది ఎయిట్‌లైన్‌ రాస్‌ ఇంకా పెద్దది, ఇంకా దుడుకైనది. చిన్న తొట్టె ఛాయలకే రానీయరాదు.

ఫ్లాషర్‌ రాస్‌: మూడడుగుల పొడవు, అడుగున్నర చొప్పున వెడల్పు, ఎత్తు ఉంటే సుమారు 190 లీటర్లు పడుతుంది. అలాంటి తొట్టెకు ఇవి తగినవి. హిందూ మహాసముద్రంలోనూ లభించే మెకాస్కర్‌ ఫ్లాషర్‌ ఎనిమిది సెంటీమీటర్ల లోపే ఉంటుంది. మగది రెక్కలన్నీ విప్పార్చి మెరుపులా రంగులు చూపడం వల్ల ఈ జాతికి ఆ పేరు వచ్చింది. స్వభావం మెతక. నీటి మధ్యలో ఈదుతూ కంటికి ఎదురుగా ఉంటుంది. రొయ్యలు, పగడపు జీవుల మధ్య నిశ్చింతగా వేయవచ్చు. ఆయుష్షు కొన్నేళ్లే. బాగా ముదిరిన, మెరిసిపోయే మగదానికంటే చిన్న వయసుదాన్ని ఎంచుకోవడం మంచిది.

ఎల్లో కోరిస్‌: మూడడుగుల తొట్టెకు ఇది గరిష్ఠ పరిమితి. 12 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది. ఒళ్లంతా నిమ్మపండు పసుపు. సాధారణంగా నెమ్మదైనదే. పగడపు జీవులకు హాని చేయదు. కానీ చిన్న నత్తలను, మరీ చిన్న రొయ్యలను తినేస్తుంది. ఇసుక తప్పనిసరి. మాల్దీవుల నుంచి జావా దాకా మన హిందూ మహాసముద్రంలో దొరికే పసుపు, తెలుపు రంగుల కెనరీ టాప్‌ రాస్‌దీ ఇదే తీరు, ఇదే పరిమాణం.

ఫెయిరీ రాస్‌లు ఇంతకంటే అందమైనవి. వీటిలో రకాలకు లెక్కలేదు. మాల్దీవుల్లో గులాబీ వన్నెతో మెరిసే ఒక ఫెయిరీ రాస్‌ను 2022లో కొత్త జాతిగా ప్రకటించారు. గులాబీకి అక్కడి ధివేహి భాషలో ఉన్న ‘ఫినిఫెన్మా’ అన్న మాటనే దానికి శాస్త్రీయ నామంగా పెట్టారు. దాన్ని వర్ణించిన బృందంలో మాల్దీవుల శాస్త్రవేత్త అహ్మద్‌ నజీబ్‌ ఉన్నారు. అయితే ఫెయిరీ రాస్‌లలో అధిక భాగం చురుగ్గా ఈదేవి. నాలుగడుగుల తొట్టె ఉన్నవారే వీటి గురించి ఆలోచించాలి.

వీటిని సముద్రంలోనే ఉండనిద్దాం

నీలి ఒంటిపై నల్లని చారతో సన్నగా ఉండే క్లీనర్‌ రాస్‌ అమ్మకానికి వస్తుంటుంది. ఇతర చేపల ఒంటిపై పరాన్నజీవులను తినడమే దాని వృత్తి. ఒక్క చేప రోజుకు సగటున 1,200 పరాన్నజీవులను తింటుందని గ్రేట్‌ బారియర్‌ రీఫ్‌లో జరిపిన అధ్యయనంలో 1996లో వెల్లడైంది. అద్దంలో తన ప్రతిబింబాన్ని గుర్తించే శక్తి దీనికి ఉందని 2019లో జపాన్‌ పరిశోధకులు ప్రకటించి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచారు. అంతటి తెలివైన చేప చిన్న తొట్టెలో ఆకలితో చిక్కిపోవడమే ఎక్కువ. అయిదారు చేపలున్న చోట దానికి సరిపడా మేత ఎక్కడిది? పైగా పదేపదే వెంటపడి మిగిలిన చేపలను విసిగిస్తుంది. వ్యాధులకు మందు అని దుకాణదారు చెప్పినా నమ్మరాదు. లెపర్డ్‌ రాస్‌ కూడా కొత్తవారికి తగదు. ఇచ్చిన మేతను సులువుగా అందుకోదు. ఏడాది పాతబడిన పెద్ద తొట్టె ఉంటేనే నిలుస్తుంది.

ఎవరితో పొసగుతుంది?

చిన్న తొట్టెలో రాస్‌కు తోడుగా క్లౌన్‌ చేపల జంట, ఇసుకపై తిరిగే గోబీలు సరిపోతాయి. క్లౌన్‌ చేపలను హేచరీల్లో పుట్టించే పరిజ్ఞానాన్ని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మనదేశంలోనే అభివృద్ధి చేసింది. సముద్రానికి చేటు లేని ఎంపిక కూడా అదే. డామ్సెల్‌, డాటీబ్యాక్‌ జాతులు చోటు కోసం కొట్లాడేవి. వాటితో రాస్‌ను కలిపితే రెండింటిలో ఒకటే మిగులుతుంది. మాండరిన్‌ చేప, రాస్‌ రెండూ రాళ్లపై పాకే సూక్ష్మ క్రిములనే తింటాయి. చిన్న తొట్టెలో ఆ క్రిములు ఇద్దరికీ చాలవు. పోటీలో మాండరినే ముందు చిక్కిపోతుంది.

చేర్చే వరుస కూడా ముఖ్యమే. సాత్విక చేపలను ముందు వేసి, అవి స్థిరపడిన తర్వాత చివరగా రాస్‌ను వేయాలి. ముందు వచ్చినదానికి ఇల్లు తనదన్న భావన ఏర్పడుతుంది. పోసమ్‌ వంటి బిడియపు రకమైతే ఈ వరుస తిరగబడుతుంది. దాన్ని ముందుగా వేసి, మిగిలినవాటిని తర్వాత చేర్చాలి. కొత్త చేపను చిల్లులున్న పారదర్శక డబ్బాలో పెట్టి రెండు మూడు రోజులు తొట్టెలోనే వేలాడదీస్తే పాతవి దానికి అలవాటు పడతాయి. డబ్బా వద్ద రోజంతా కాపుకాసి పోటీకి దిగే చేప ఉంటే ఆ కలయిక కుదరదని అప్పుడే తేలిపోతుంది.

మూత లేకుంటే నేలపైనే

రాస్‌ చేపల మరణాలకు ప్రధాన కారణాల్లో ఒకటి దూకడం. బెదిరినా, దీపం ఒక్కసారిగా ఆరినా నీటిపైకి ఎగురుతాయి. తెల్లవారేసరికి నేలపై ఎండిపోయి కనిపిస్తాయి. పైపు కోసం వదిలిన చిన్న ఖాళీ చాలు. గాజు మూత మన వేసవిలో వేడిని పట్టి ఉంచుతుంది. పావు అంగుళం కన్ను ఉన్న తెల్లని నైలాన్‌ వలను చట్రానికి బిగించి కప్పడం అన్నివిధాలా మేలు. గాలి ఆడుతుంది. వెలుగు పడుతుంది. చేప బయటపడదు.

హేచరీల అనుభవం అక్కరకొస్తుంది

భీమిలి నుంచి నెల్లూరు దాకా తీరంలో రొయ్యల హేచరీలు ఉన్న ప్రాంతాల వారికి ఉప్పునీటి లెక్కలు కొత్త కాదు. సెలైనిటీ, పీహెచ్‌, అమ్మోనియా అన్న మాటలు చెరువు గట్లపై నిత్యం వినిపించేవే. రొయ్య పిల్లలకు మేతగా వాడే ఆర్టీమియానే రాస్‌కూ ఇష్టమైన ఆహారం. అదొక్కటే పెడితే పోషకాలు చాలవు. పచ్చి రొయ్యను సన్నగా తరిగి, మైసిస్‌ రొయ్యతో కలిపి రోజుకు రెండు మూడుసార్లు కొద్దికొద్దిగా వేయాలి. రాస్‌లు రోజంతా తిరుగుతూ శక్తిని ఖర్చు చేస్తాయి. ఒకేసారి గుప్పెడు వేస్తే తినగా మిగిలినది కుళ్లి అమ్మోనియా పెరుగుతుంది.

నీటిలో లవణీయత లీటరుకు 35 గ్రాముల వద్ద, ఉష్ణోగ్రత 24 నుంచి 27 డిగ్రీల మధ్య నిలకడగా ఉండాలి. సముద్రం పక్కనే ఉంది కదా అని తీరంలో ముంచి తెచ్చిన నీటిని నేరుగా పోయరాదు. వర్షాల తర్వాత నదుల నీరు చేరి బంగాళాఖాతం పైపొరలో ఉప్పదనం గణనీయంగా తగ్గుతుంది. ఓడరేవులు, మురుగు కాలువల సమీపంలో కాలుష్యం సరేసరి. శుద్ధి చేసిన మంచినీటిలో అక్వేరియం ఉప్పు కలిపి వాడటం క్షేమం.

వేసవిలో అసలు పరీక్ష ఎదురవుతుంది. నీరు వేడెక్కిన కొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. నిరంతరం ఈదే రాస్‌కు ముందుగా ఊపిరాడదు. చిల్లర్‌ ఉంటే సరే. ఫ్యాను గాలితో చల్లబరిస్తే నీరు ఆవిరవుతుంది, ఉప్పు మాత్రం మిగులుతుంది. తగ్గిన మేరకు ఉప్పునీరు కాకుండా శుద్ధమైన మంచినీరే పోయాలి. విద్యుత్‌ కోతల వేళ బ్యాటరీతో నడిచే గాలిపంపు దగ్గర ఉండాల్సిందే.

కొత్త తొట్టెలో వ్యర్థాలను విరిచే సూక్ష్మజీవులు కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అప్పటి దాకా ఏ చేపనూ వేయరాదు. కొన్న చేపను కూడా మూడు నాలుగు వారాలు విడి తొట్టెలో ఉంచి గమనించాలి. ఇసుకలో పడుకునే రకమైతే అందులో ఓ ప్లాస్టిక్‌ డబ్బా నిండా ఇసుక పెట్టాలి. తెల్లమచ్చల వ్యాధికి వాడే రాగి మందును ప్రధాన తొట్టెలో ఎన్నడూ వేయరాదు. పగడపు జీవులు, రొయ్యలు, నత్తలు దానికి బలవుతాయి.

చట్టం ఏం చెబుతోంది?

ఈ అభిరుచి ఉన్నవారు తప్పక తెలుసుకోవాల్సింది చట్టం. గట్టి పగడాలు, నల్ల పగడాలు, సముద్రపు విసనకర్రలు, నీటి గుర్రాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. మన సముద్రం నుంచి వీటిని సేకరించడం, అమ్మడం నేరం. మొదటి షెడ్యూల్‌ జీవుల విషయంలో మూడు నుంచి ఏడేళ్ల వరకు జైలుశిక్ష పడుతుంది. కొన్నవారు కూడా చిక్కుల్లో పడతారు. పగడపు రాయి స్థానంలో కృత్రిమ రాళ్లు దొరుకుతున్నాయి. రాస్‌కు కావాల్సింది దూరడానికి సందు, పడుకోవడానికి చోటు. ఆ సందు అసలు పగడానిదా, మనం పేర్చిన రాతిదా అని అది చూడదు.

మరో సంగతి. క్లౌన్‌ చేపల్లా కాకుండా అమ్మకానికి వచ్చే రాస్‌ చేపలు దాదాపు అన్నీ సముద్రంలో పట్టినవే. ఫిలిప్పీన్స్‌లో 1960లలో మొదలైన సైనైడ్‌ వేట ఆగ్నేయాసియాలో ఇతర దేశాలకూ పాకింది. రాతి సందుల్లోకి విషం చిమ్మి మత్తెక్కిన చేపలను పడతారు. అలా పట్టిన చేప పైకి బాగానే కనిపించినా కొద్ది వారాల్లో కన్నుమూయవచ్చు. అందుకే దుకాణంలో కనీసం పది రోజులుగా ఉంటూ మేత తింటున్న చేపనే కొనాలి. ఒక్క చేప చనిపోతే దాని స్థానంలో సముద్రం నుంచి మరొకటి వస్తుందన్న సంగతి మరవరాదు.

కొనేముందు..

* పెరిగాక ఎంత ఉంటుందో అడగాలి. పిల్ల రంగును చూసి నిర్ణయించరాదు.
* చిన్న తొట్టెకు ఒక్క రాస్‌ మాత్రమే. 110 లీటర్లకు పోసమ్‌, 190 లీటర్లకు ఫ్లాషర్‌ లేదా ఎల్లో కోరిస్‌ అనువైనవి.
* సిక్స్‌లైన్‌ను ఎంచుకుంటే అన్ని చేపల తర్వాత చివరగా వేయాలి. అది వచ్చాక మరో సాత్విక చేపను తేరాదు.
* దుకాణదారుతో ఎదురుగా మేత వేయించాలి. చురుగ్గా అందుకోని చేప, పొట్ట లోపలికి పోయిన చేప, ఊపిరి వేగంగా తీసే చేప వద్దు.
* ఇసుకలో పడుకునే రకమా, రాతి సందులో పడుకునేదా తేల్చుకుని తొట్టెను ముందే సిద్ధం చేయాలి.
* వల మూత బిగించాకే చేపను ఇంటికి తేవాలి.